అఫ్జల్‌గంజ్ నుంచి హృదయ శస్త్రచికిత్స దాకా: రక్తస్కందన నియంత్రణ చరిత్ర - తెలుగు పరిభాష

వ్యాససంగ్రహం

గుండెకు శస్త్రచికిత్స చేయాలంటే రక్తం కొంతసేపు గడ్డకట్టకూడదు; చికిత్స ముగిసిన వెంటనే గడ్డకట్టాలి. పరస్పర విరుద్ధమైన ఈ రెండు అవసరాలను సమన్వయించడమే ఆధునిక హృదయ శస్త్రచికిత్సకు పునాది. దీని చరిత్రను సాధారణంగా బాల్టిమోర్, టొరంటో, ఫిలడెల్ఫియా నగరాలతో ముడిపెట్టి చెబుతారు. శస్త్రచికిత్స సమయంలో గుండెకు ఏమవుతుందన్న ప్రశ్నను మూసీ ఒడ్డున హైదరాబాదు 1888-89లోనే ప్రయోగపూర్వకంగా వేసింది. ఆ ప్రశ్నకు అప్పుడు వచ్చిన సమాధానం ఎందుకు నిలవలేదో, ఆ వైఫల్యం నేటి రక్తస్కందన నిర్వహణను అర్థం చేసుకోవడానికి ఎలా ఉపకరిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ విషయంపై తెలుగులో వాడుకలో ఉన్న మాటల తీరునూ చర్చిస్తుంది.

కీలక పదాలు: హైదరాబాదు క్లోరోఫాం కమిషన్, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, రక్తస్కందనం, హెపారిన్, ప్రోటమిన్, జలగ చికిత్స, వైద్య పరిభాష.

1. ఉపోద్ఘాతం

చార్మినార్ నుంచి పత్తర్‌గట్టీ, మదీనా మీదుగా నడిచి నయాపూల్ దాటితే మూసీ ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి కనిపిస్తుంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, విన్సెంట్ ఎష్ రూపకల్పనలో వెలసిన కట్టడమిది. దీనికి పూర్వరూపమైన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో ధ్వంసమైంది. ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్న సంగతి నగర స్మృతిలో ఇప్పటికీ సజీవం. వరదకు ఇరవై ఏళ్ల ముందు అదే ఆసుపత్రి పేరు వైద్య ప్రపంచంలో మారుమోగింది. ఆ సంగతి మాత్రం చింతచెట్టు కథ పాటి ప్రచారానికీ నోచుకోలేదు.

ప్రచారంలో ఉన్న కొంత భాగంలోనూ పొరపాటు ఉంది. క్లోరోఫాంను ప్రపంచంలో మొదటిసారి హైదరాబాదులోనే వాడారన్న మాట తరచు వినిపిస్తుంది. ఇది సరికాదు. 1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను మత్తుమందుగా ప్రవేశపెట్టాడు. 1848లోనే అది భారతదేశానికి చేరింది. హైదరాబాదు ఘనత మొదట వాడడంలో లేదు. అది చంపుతున్నదా, చంపితే ఎలా చంపుతున్నదన్న ప్రశ్నను ప్రభుత్వ వ్యయంతో, ప్రయోగాలతో తేల్చుకోవాలనుకోవడంలో ఉంది. అసలు విషయాన్ని వదిలి లేని ఘనతను పట్టుకోవడం స్థానిక చరిత్ర రచనకు మేలు చేయదు.

2. శ్వాసా, గుండెా అన్న వివాదం

క్లోరోఫాం వాడుక మొదలైన కొద్ది నెలలకే, 1848 జనవరిలో, ఇంగ్లండులో 15 ఏళ్ల బాలిక కాలిగోరు తీసే చిన్న శస్త్రచికిత్సలో మరణించింది. ఆ తరువాత ఇటువంటి మరణాలు తరచు నమోదయ్యాయి. మృత్యుకారణం గురించి వైద్యులు రెండు పక్షాలయ్యారు. శ్వాస ఆగాకనే గుండె ఆగుతుందని ఒక పక్షం; గుండె ముందే హఠాత్తుగా ఆగిపోవచ్చునని మరొక పక్షం. ఇది కేవలం సిద్ధాంత చర్చ కాదు. మత్తు ఇచ్చే వైద్యుడి కన్ను రోగి ఛాతీ మీద ఉండాలా, వేలు నాడి మీద ఉండాలా అన్నది దీనిపైనే ఆధారపడింది.

ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ శిష్యుడైన ఎడ్వర్డ్ లారీ 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు. 1846లో ఏర్పడిన హైదరాబాదు వైద్యపాఠశాలకూ అతడే అధిపతి. తొలి దశాబ్దాలలో ఆ పాఠశాల ఉర్దూ మాధ్యమంలో వైద్యులను తయారుచేసింది. రూపాబాయి ఫర్దూన్జీ ఇక్కడే చదివి, క్లోరోఫాం ఇవ్వడంలో నైపుణ్యం గడించి, ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరిగా చరిత్రకెక్కారు. లారీ తన గురువు మాటను దృఢంగా నమ్మాడు: శ్వాసను గమనిస్తే చాలు, నాడిని చూడనక్కరలేదు.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వ సహాయంతో 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్ ఏర్పడింది. వీధికుక్కల మీద ప్రయోగాలు జరిపి, క్లోరోఫాం గుండెను నేరుగా ఆపదని తేల్చింది. లండన్ వైద్యపత్రిక లాన్సెట్ ఈ నిర్ణయాన్ని సందేహించింది. అప్పుడు నిజాం ప్రభుత్వం 1000 పౌండ్లు ఇచ్చి, ఆ పత్రికే తన ప్రతినిధిని పంపి పరీక్షించుకోవచ్చునని ఆహ్వానించింది. అలా 1889 చివరి నెలలలో థామస్ లాడర్ బ్రంటన్ హైదరాబాదు వచ్చాడు. గుండె ముందే ఆగవచ్చునన్న అభిప్రాయంతో వచ్చిన అతడు, వందలాది జంతువుల మీద జరిగిన ప్రయోగాల తరువాత లారీ పక్షానికి మారాడు. రెండవ కమిషన్ నివేదిక 1890లో లాన్సెట్‌లో వెలువడింది. ఒక సంస్థానం తన ఆసుపత్రిలో తేల్చిన విషయాన్ని తనను విమర్శించినవారి చేతనే తన ఖర్చుతో పరీక్షింపజేయడం వలసపాలన కాలపు విజ్ఞాన చరిత్రలో అరుదైన సంఘటన.

3. గొట్టంలో గడ్డ: ప్రయోగశాల నేర్పిన తొలి పాఠం

రెండవ కమిషన్ పరికరాలలో ముఖ్యమైనది కైమోగ్రాఫ్. జంతువు ధమనిలోకి సన్నని గొట్టం చొప్పించి, దానిని పాదరస మాపకానికి కలిపితే, రక్తపీడనపు హెచ్చుతగ్గులు తిరిగే కాగితం మీద గీతగా నమోదవుతాయి. ఈ పద్ధతికి మొదటి శత్రువు రక్తమే. రక్తనాళపు లోపలి పొర తప్ప మరే ఉపరితలం తగిలినా రక్తం గడ్డకట్టే పని ప్రారంభిస్తుంది. గొట్టంలో చిన్న గడ్డ ఏర్పడితే గీత చదునవుతుంది. గుండె కొట్టుకుంటూనే ఉన్నా కాగితం మీద ఆగిపోయినట్లే కనిపిస్తుంది. అందుకే 19వ శతాబ్ది శరీరశాస్త్రజ్ఞులు గొట్టాన్ని సోడియం కార్బొనేట్ వంటి లవణ ద్రావణంతో నింపేవారు.

అప్పట్లో ఇది పరికరానికి సంబంధించిన చిన్న చికాకు. అరవై ఏళ్ల తరువాత అదే హృదయ శస్త్రచికిత్సకు కేంద్ర సమస్య అయింది. శరీరంలోని రక్తం మొత్తాన్ని బయటి గొట్టాలలోకి మళ్లించి, ప్రాణవాయువు కలిపి, తిరిగి లోపలికి పంపాలంటే లవణ ద్రావణం చాలదు.

కమిషన్ నిర్ణయాన్ని పరీక్షించిన తరువాతి ప్రయోగం కూడా ఈ కథకు దగ్గరిదే. గాస్కెల్, షోర్ అనే కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు 1893లో రెండు జంతువుల రక్తప్రసరణలను పరస్పరం కలిపి, క్లోరోఫాం మెదడుకు మాత్రమే చేరినప్పుడు ఏమవుతుందో, గుండెకు చేరినప్పుడు ఏమవుతుందో విడదీసి చూశారు. గుండె మీద దాని ప్రభావం నేరుగానే ఉందని వాదించారు. రెండు ప్రసరణలను కలపడమనే ఇదే ఊహను 1954లో మినియాపొలిస్‌లో వాల్టన్ లిల్లెహై మనుషులకు వర్తింపజేశాడు. బిడ్డ గుండెకు శస్త్రచికిత్స జరుగుతున్నంతసేపూ తండ్రో తల్లో పక్కన పడుకుని తమ ప్రసరణతో ఆ బిడ్డను బతికించే పద్ధతి అది. హైదరాబాదు ప్రశ్నకూ మినియాపొలిస్ శస్త్రచికిత్సకూ ప్రత్యక్ష వారసత్వం ఉందని చెప్పడం సాహసమవుతుంది. ఇద్దరూ ఎదుర్కొన్న సమస్య ఒకే కుటుంబానికి చెందినదని మాత్రం చెప్పవచ్చు.

4. కమిషన్ ఎక్కడ పొరబడింది?

1911లో ఎ. జి. లెవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాలలో అసలు రహస్యం బయటపడింది. ప్రమాదం గాఢమైన మత్తులోనే ఉందనుకున్నారు. అది పలుచని మత్తులోనూ ఉంది. మత్తు సరిగా పట్టనప్పుడు, భయంతోనో నొప్పితోనో శరీరంలో అడ్రినలిన్ ఉబికినప్పుడు, క్లోరోఫాం సోకిన గుండె లయ తప్పి జఠరికలు వణకడం మొదలవుతుంది. ఆ వణుకుతో రక్తప్రసరణ క్షణాలలో ఆగిపోతుంది. గోరు తీయించుకోవడానికి భయపడుతూ వచ్చిన బాలిక మరణాన్నీ దీనితో అర్థం చేసుకోవచ్చు. కమిషన్ ప్రయోగాలలో క్లోరోఫాంను చనిపోయేదాకా ఇస్తూ పోయారు. అలా ఇచ్చినప్పుడు శ్వాస ముందు ఆగడం నిజమే. వారు చూసినది అబద్ధం కాదు. చూసినదే సర్వస్వమనుకోవడం పొరపాటు.

ఒక్క లక్షణాన్ని పట్టుకుని మిగిలినవాటిని విస్మరించమని చెప్పడమే ఆ నివేదిక బలహీనత. రక్తస్కందన నిర్వహణ చరిత్ర దీనికి సరిగ్గా వ్యతిరేక దిశలో నడిచింది.

5. గడ్డ ఆపడం: జలగ నుంచి హెపారిన్‌కు

చార్మినార్ పక్కనే ఉన్న నిజామియా యునానీ ఆసుపత్రి మరొక వైద్య సంప్రదాయానికి ప్రతినిధి. యునానీ వైద్యంలో జలగలు పట్టించడం తద్బీరు చికిత్సలలో ఒకటి. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో 13వ అధ్యాయం జలగల గురించే. ఏవి మంచివో, ఏవి విషపూరితమో, ఎలా పట్టించాలో అందులో వివరంగా ఉంది. జలగ వదిలిన తరువాత కూడా గాయం చాలాసేపు స్రవిస్తుందని ఈ సంప్రదాయాల వైద్యులకు అనుభవంలో తెలుసు. కారణాన్ని 1884లో జాన్ బెరీ హేక్రాఫ్ట్ చూపాడు: జలగ స్రావంలో రక్తాన్ని గడ్డకట్టనివ్వని పదార్థం ఉంది. తరువాత దానికి హిరుడిన్ అని పేరు వచ్చింది.

రక్తం గడ్డకట్టే తీరును 1905లో పాల్ మోరావిట్జ్ నాలుగు అంశాలతో వివరించాడు. గాయపడిన కణజాలం నుంచి వచ్చే పదార్థం కాల్షియం తోడుతో ప్రోత్రాంబిన్‌ను త్రాంబిన్‌గా మారుస్తుంది. త్రాంబిన్ ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది. ఆ పోగుల వలలో రక్తకణాలు చిక్కుకుంటే గడ్డ. 1916లో బాల్టిమోర్‌లో విలియం హోవెల్ దగ్గర పనిచేస్తున్న విద్యార్థి జే మెక్లీన్, గడ్డకట్టించే పదార్థం కోసం వెతుకుతూ కుక్క కాలేయం నుంచి దానికి విరుద్ధమైనదాన్ని కనుగొన్నాడు. కాలేయాన్ని తెలిపే గ్రీకు మాట మీద హోవెల్ 1918లో దానికి హెపారిన్ అని పేరు పెట్టాడు. టొరంటోలో చార్లెస్ బెస్ట్ బృందం 1930లలో దానిని మనుషులకు ఇవ్వదగినంతగా శుద్ధి చేసింది. రక్తంలో సహజంగా ఉండే యాంటీత్రాంబిన్ అనే నిరోధకాన్ని అనేక రెట్లు చురుకుగా చేయడమే హెపారిన్ పని. యాంటీత్రాంబిన్ తక్కువగా ఉన్న రోగిలో హెపారిన్ ఎంత ఇచ్చినా పనిచేయకపోవడానికి కారణమిదే.

గడ్డ ఆపితే చాలదు. ఆపినదాన్ని తిరిగి ప్రారంభించాలి. ఆ విరుగుడు చేప నుంచి వచ్చింది. 1874లో ఫ్రీడ్రిష్ మీషర్ రైన్ నది సాల్మన్ చేపల శుక్రద్రవంలో కనుగొన్న ప్రోటమిన్, హెపారిన్‌ను బంధించి నిర్వీర్యం చేస్తుందని 1937లో చార్గాఫ్, ఓల్సన్ చూపారు. ఈ జంట సమకూరాకనే 1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ హృదయ-శ్వాసకోశ యంత్రంతో 26 నిమిషాలపాటు రోగి ప్రాణాన్ని నిలిపి, గుండె గదుల మధ్య రంధ్రాన్ని మూయగలిగాడు.

6. నేటి శస్త్రచికిత్స గదిలో

యంత్రానికి కలిపే ముందు రోగి బరువును బట్టి కిలోకు 300 నుంచి 400 యూనిట్ల హెపారిన్ ఇస్తారు. అది చాలిందో లేదో ఊహించరు, కొలుస్తారు. 1966లో హాటర్స్‌లీ రూపొందించిన ఏసీటీ పరీక్షలో కొద్దిపాటి రక్తం ఎన్ని సెకన్లకు గడ్డకడుతుందో చూస్తారు. మామూలుగా రెండు నిమిషాల లోపు గడ్డకట్టే రక్తం 400 నుంచి 480 సెకన్లకు పైగా ద్రవంగా ఉంటేనే యంత్రాన్ని నడుపుతారు. 1975లో బుల్ బృందం ఈ కొలతను పద్ధతిగా స్థిరపరచకముందు మోతాదులు ఎక్కువగా అలవాటును బట్టి సాగేవి.

శస్త్రచికిత్స ముగిశాక 100 యూనిట్ల హెపారిన్‌కు సుమారు 1 మిల్లీగ్రాము లెక్కన ప్రోటమిన్‌ను నెమ్మదిగా ఇస్తారు. తొందరపడితే రక్తపీడనం పడిపోతుంది. అధికమైతే ప్రోటమిన్ కూడా రక్తస్రావాన్నే పెంచుతుంది. విరుగుడు ఇచ్చాకనూ రక్తం ఆగకపోతే కారణం ఒక్కటి కాదు. హెపారిన్ మిగిలి ఉండవచ్చు. యంత్రపు ఉపరితలాల మీద ప్లేట్‌లెట్లు అలసి ఉండవచ్చు. గొట్టాలు నింపిన ద్రవం కలిసి ఫైబ్రినోజెన్ పలచబడి ఉండవచ్చు. శరీరం చల్లబడి ఉండవచ్చు. ఏర్పడిన గడ్డలే త్వరగా కరిగిపోతూ ఉండవచ్చు. లేదా ఒక రక్తనాళానికి వేసిన కుట్టే వదులై ఉండవచ్చు.

ఒక్కో కారణానికి ఒక్కో ఉపాయం. గడ్డ కరగడాన్ని ఆపే ట్రానెక్సామిక్ ఆమ్లాన్ని 1962లో జపానులో ఉటాకో, షోసుకే ఒకామోటో దంపతులు వెలుగులోకి తెచ్చారు. గడ్డ ఏర్పడే తీరును మొదటి నుంచి చివరిదాకా గీతగా చూపే త్రాంబోఎలాస్టోగ్రఫీని 1948లో జర్మనీలో హార్టెర్ట్ రూపొందించాడు. ఆ గీతను చదివితే లోపం ప్లేట్‌లెట్లదో ఫైబ్రినోజెన్‌దో కొంతవరకు తెలుస్తుంది. రక్తం ఎక్కించాలా, ఏ భాగం ఎక్కించాలా అన్న నిర్ణయం దానిపై నిలుస్తుంది. కైమోగ్రాఫ్ గీతలో ఒక్క ప్రశ్నకు సమాధానం వెతికిన కాలానికీ, ఈ గీతను మరి నాలుగు పరీక్షలతో కలిపి చదివే కాలానికీ మధ్య ఉన్న దూరమే వైద్యం సాధించిన వివేకం.

కొందరిలో హెపారినే ప్లేట్‌లెట్లను తగ్గించి, విచిత్రంగా గడ్డలను పెంచుతుంది. అటువంటివారికి శస్త్రచికిత్స తప్పనప్పుడు బైవలిరుడిన్ వాడతారు. ఇది జలగ హిరుడిన్ నమూనాగా కృత్రిమంగా తయారైన మందు. దీనికి ప్రోటమిన్ వంటి విరుగుడు లేదు. శరీరం దానిని తనంతట తాను వదిలించుకునేదాకా వేచి ఉండాలి. చార్మినార్ నీడన జలగ పట్టించే చికిత్సనూ, అత్యాధునిక శస్త్రచికిత్స గదినీ కలిపే దారి ఇలా ఒక అణువు గుండా సాగుతుంది. అంతమాత్రాన పాత చికిత్సలో కొత్త శాస్త్రమంతా ఉందనుకోకూడదు. జలగను గమనించడం ఒక జ్ఞానం. దానిలోని పదార్థాన్ని వేరుచేసి, కొలిచి, మోతాదు కట్టడం మరొక జ్ఞానం.

7. మాటల్లో గడ్డ

ఈ చరిత్రలో తెలుగు ఎక్కడ ఉంది? హైదరాబాదు వైద్యపాఠశాల మొదట ఉర్దూలో బోధించింది. 1918లో ఉర్దూ మాధ్యమంతో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనువాద విభాగం దారుల్ తర్జుమా వైద్యగ్రంథాలను సమకూర్చింది. ఇంజిమాద్ అనే మాటతో రక్తం గడ్డకట్టడాన్ని తరగతిలో బోధించిన రోజులున్నాయి. తరువాత బోధన ఇంగ్లీషుకు మారింది. ఈ రెండు దశలలోనూ రోగులలో అధిక సంఖ్యాకుల భాష అయిన తెలుగు వైద్యవిద్యకు వెలుపలే ఉండిపోయింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకాల ద్వారా ఆ లోటును కొంత పూడ్చింది.

తెలుగుకు ఈ విషయంలో మాటల కరవు లేదు. నెత్తురు గడ్డకడుతుంది, పేరుకుంటుంది, కమిలినచోట గూడుకడుతుంది. పాలు తోడుకుంటాయి, విరుగుతాయి. విషానికి మందూ విరుగుడే, విరిగిన పాలలో తేరే నీరూ విరుగుడే. గడ్డ నుంచి వేరుపడే ద్రవానికి వైద్యులు వాడే సీరం అనే లాటిన్ మాటకు మూలార్థం కూడా పాలవిరుగుడే. పాఠ్యపుస్తకాలలోని స్కందనం సుశ్రుతుని నుంచి వచ్చింది. రక్తాన్ని నిలిపే ఉపాయాలు సంధానం, స్కందనం, పాచనం, దహనం అని నాలుగుగా అతడు చెప్పాడు.

ఇన్ని మాటలున్నా, ఆసుపత్రులలో రోగికి వినిపించేది ఎక్కువగా “రక్తం పలచబడే మందు” అన్న మాటే. ఇది శాస్త్రరీత్యా తప్పు. హెపారిన్ గానీ, కృత్రిమ కవాటం అమర్చినవారు జీవితాంతం వాడే వార్ఫరిన్ జాతి మాత్రలు గానీ రక్తాన్ని పలచబరచవు. గడ్డకట్టే క్రమాన్ని అడ్డుకుంటాయి. పైగా హృదయ శస్త్రచికిత్సలో రక్తం నిజంగానే పలచబడే సందర్భం వేరే ఉంది. యంత్రపు గొట్టాలలోని ద్రవం కలవడమే అది. రెండింటికీ ఒకే మాట వాడితే రెండు వేర్వేరు ప్రమాదాలు ఒకటిగా కనిపిస్తాయి.

ఇది పండితుల పదవివాదం కాదు. మన వాడుకలో పలచన అనే మాటకు బలహీనత, చులకన అనే ఛాయలున్నాయి. రక్తం పలచబడితే నీరసిస్తామని భయపడి మాత్ర మానేసిన వ్యక్తికి కవాటం మీద గడ్డ పేరుకుని పక్షవాతం రావచ్చు. ఆకుకూరలలోని విటమిన్-కె ఈ మాత్రల పనిని తగ్గిస్తుంది. కాబట్టి గోంగూర, తోటకూరలను మానడం కంటే రోజుకొక తీరుగా కాక ఒకే పరిమాణంలో తినడం ముఖ్యం. గడ్డకట్టే క్రమం గురించి తెలుగులో ఒకసారి సరిగా విన్నవారికి ఈ సలహా వెంటనే అర్థమవుతుంది. పలచన అన్న మాట మాత్రమే విన్నవారికి గోంగూరకూ రక్తానికీ సంబంధమేమిటో బోధపడదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక గుండె శస్త్రచికిత్స పేద కుటుంబాలకూ అందుబాటులోకి వచ్చింది. శస్త్రచికిత్స అందింది గానీ దానిని వివరించే భాష అందలేదు. “గడ్డకట్టనివ్వని మందు” అన్న తేటమాట చాలు. గ్రంథాలలో “స్కందన నిరోధకం” ఉండవచ్చు.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ల ప్రాముఖ్యం తొలి ప్రయోగమన్న కీర్తిలో లేదు. శస్త్రచికిత్సలో గుండె భద్రతను బహిరంగ పరీక్షకు పెట్టడంలో ఉంది. వాటి నిర్ణయం అసంపూర్ణమని చెప్పడం ఆ ప్రాముఖ్యాన్ని తగ్గించదు.

2. ఒకే లక్షణం మీద ఆధారపడిన ఆ నిర్ణయం నిలవలేదు. రక్తస్కందన నిర్వహణ బరువు, కాలం, ఉష్ణోగ్రత, ప్లేట్‌లెట్లు, ఫైబ్రినోజెన్‌లను కలిపి చూడడం ద్వారానే సురక్షితమైంది.

3. జలగ, కాలేయం, చేప అనే మూడు జీవమూలాల నుంచి వచ్చిన పదార్థాల చరిత్ర, దేశీయ వైద్య సంప్రదాయాలను అతిగా పొగడకుండా, తృణీకరించకుండా చదవవలసిన అవసరాన్ని చూపుతుంది.

4. వైద్య పరిభాష నిర్మాణం తెలుగు శాఖల బాధ్యత కూడా. ఒక తప్పు పదం రోగి చేత మందు మాన్పించగలదు.

అఫ్జల్‌గంజ్ ప్రయోగశాలలో గొట్టంలో గడ్డ అడ్డుపడితే, కొట్టుకుంటున్న గుండె కూడా కాగితం మీద ఆగినట్లే కనిపించేది. వైద్యుడికీ రోగికీ మధ్య నడవవలసిన భాషలో అటువంటి గడ్డ ఏర్పడకుండా చూడడం తెలుగు పరిశోధకులు చేయదగిన పని.